నార్మన్ల ఏలుబడిలో ఇంగ్లీషు ఎలా నిలిచింది? నిలిచినది ఎందుకంతగా మారింది?

తెనాలి_పాఠకురాలు

సభ్యులందరికీ నమస్కారం. డిగ్రీ విద్యార్థులకు ఆంగ్ల భాషా చరిత్ర చెబుతుంటాను. మా పాఠ్యపుస్తకంలో ఈ చరిత్రను ప్రాచీన, మధ్య, ఆధునిక దశలుగా విభజించి, మొదటి రెండింటికీ నడుమ 1066ను సరిహద్దు రాయిలా పాతేశారు. ఆ ఏడాది అక్టోబరు 14న హేస్టింగ్స్ వద్ద హెరాల్డ్ రాజు యుద్ధంలో మరణించాడు, నార్మండీ నుంచి వచ్చిన విలియం క్రిస్మస్ నాడు వెస్ట్‌మినిస్టర్‌లో కిరీటం పెట్టించుకున్నాడు, అటు తర్వాత ఫ్రెంచి ప్రభావంతో ఇంగ్లీషు రూపం మారిపోయింది అని రెండు వాక్యాలలో తేల్చివేశారు.

నాకు ఇక్కడ రెండు సందేహాలు ఉన్నాయి. రాజు, ప్రభువులు, బిషప్పులు, న్యాయాధికారులు అందరూ ఫ్రెంచిలోనో లాటిన్‌లోనో వ్యవహరిస్తూ ఉండగా, ఏ అండా లేని జనభాష మూడు వందల ఏళ్ళ తర్వాత మళ్ళీ రాజసభకు ఎలా చేరగలిగింది? ఇది మొదటిది. ప్రాచీన ఆంగ్లంలో నామవాచకాలకు నాలుగు విభక్తులు, మూడు లింగాలు ఉండేవి. అవి దాదాపుగా అంతరించాయి. ఫ్రెంచిలోనే వ్యాకరణ లింగం ఇప్పటికీ బలంగా ఉన్నప్పుడు, ఫ్రెంచి సాంగత్యం వల్ల ఇంగ్లీషు లింగాన్ని పోగొట్టుకున్నదనడం ఎలా పొసగుతుంది? ఇది రెండవది. విద్యార్థులలో ఒకరు ఈ రెండవ ప్రశ్న అడిగితే, పుస్తకంలో ఉన్న సమాధానం నాకే తృప్తినివ్వలేదు.

పాతప్రతి

అమ్మా, మీ విద్యార్థి అడిగిన ప్రశ్న చాలా గట్టిది. ముందుగా దానికే సమాధానం రాస్తాను. క్లుప్తంగా చెప్పాలంటే, విభక్తులూ లింగాలూ 1066కు ముందే మాటలో సడలిపోతున్నాయి. 1066 చేసినదల్లా ఆ సడలింపును కప్పిపుచ్చుతున్న రాతభాషను తొలగించడమే.

పదవ శతాబ్దం చివరినాటికి వించెస్టర్ కేంద్రంగా పశ్చిమ శాక్సన్ మాండలికం మీద ఆధారపడిన ఒక ప్రామాణిక రాతభాష ఏర్పడింది. ఎల్ఫ్రిక్ వంటి పండితుల రచనలు ఆ భాషలోనే ఉన్నాయి, దేశం నలుమూలలా మఠాలలోని లేఖకులు తమ ఊరి ఉచ్చారణ ఏదైనా దాన్నే పాటించేవారు. గిడుగు రామమూర్తి గారి కాలపు వాదోపవాదాలు చదివినవారికి ఈ పరిస్థితి విడమరచి చెప్పనక్కరలేదు. చిన్నయ సూరి వచనం చదివి, పందొమ్మిదవ శతాబ్దంలో మదరాసు వీధులలో తెలుగువారు అలాగే మాట్లాడుకునేవారని అనుకుంటే ఎంత తప్పో, ఎల్ఫ్రిక్ రాతను చూసి ఆనాటి ఇంగ్లాండు అంతా అన్ని విభక్తులనూ పొల్లుపోకుండా పలికిందనుకోవడం అంతే తప్పు. దీనికి సాక్ష్యం కూడా ఉంది. లిండిస్‌ఫార్న్ సువార్తల లాటిన్ పాఠానికి పదవ శతాబ్దం నడుమ ఆల్డ్రెడ్ అనే మతగురువు పంక్తుల మధ్య ఉత్తరాది ఇంగ్లీషులో మాటకు మాట అర్థం రాశాడు. ఆ అర్థాలలో ప్రత్యయాలు ఒకదాని స్థానంలో ఒకటి వచ్చేస్తాయి, కొన్ని నామాల లింగం కూడా నిలకడగా ఉండదు. అప్పటికి నార్మన్ దండయాత్రకు ఇంకా నూరేళ్ళ వ్యవధి ఉంది.

జయించిన తర్వాత విలియం బిషప్పులనూ మఠాధిపతులనూ మార్చివేశాడు. పాతవారిలో వూస్టర్ బిషప్పు వుల్ఫ్‌స్టన్ ఒక్కడే చివరిదాకా మిగిలాడు, ఆయన 1095లో మరణించాడు. పోషించే పీఠాలు పోవడంతో ఆ ప్రామాణిక భాషను నేర్పే శిక్షణ పోయింది. ఫలితాన్ని పీటర్‌బరో మఠంలో రాసిన వృత్తాంతంలో కళ్ళారా చూడవచ్చు. ఆ మఠం 1116లో అగ్నికి ఆహుతి కావడంతో, 1121 ప్రాంతంలో బయటి నుంచి ఒక ప్రతి తెప్పించి నకలు చేశారు. నకలు చేసిన లేఖకుడే 1131 దాకా కొత్త సంగతులు చేర్చాడు. పాత భాగాన్ని ఎత్తిరాసేటప్పుడు అతని చేతిలో పాత భాష చాలామట్టుకు సక్రమంగానే ఉంటుంది. తన సొంత మాటలు రాసేటప్పుడు ప్రత్యయాలు తడబడతాయి. తర్వాత 1154 వరకు సాగించిన రెండవ లేఖకుడి దగ్గరకు వచ్చేసరికి పాత వ్యాకరణ లింగం దాదాపుగా కనిపించదు. ఒక తరంలో భాష అంత వేగంగా మారదు. మారిన భాష ఆ తరంలో రాతకెక్కిందంతే.

ప్రత్యయాలు సడలడానికి లోపలి కారణం కూడా ఒకటి ఉంది. ఇంగ్లీషు, జర్మన్ వంటి జర్మానిక్ భాషలన్నింటిలోనూ ఊనిక, అంటే పలుకులోని ఒత్తిడి, మాట మొదటి అక్షరం మీద పడుతుంది. మొదటిదాన్ని గట్టిగా పలికితే చివరి అచ్చులు నలిగిపోతాయి. రాయి అన్న అర్థంలో 'స్టాన్' అనే నామానికి 'స్టానెస్', 'స్టానె', 'స్టానాస్', 'స్టాన', 'స్టానుమ్' అనే రూపాలు ఉండేవి. చివరి అచ్చులన్నీ ఒకే బలహీనమైన ధ్వనిగా మారాక, చివరి మకారం నకారమై అదీ జారిపోయాక, వీటిలో తేడాగా మిగిలేది ఒక్క సకారమే. నేటి బహువచన చిహ్నమూ, షష్ఠీ చిహ్నమూ ఆ సకారపు శేషాలే. మనం 'రావణుని రాముడు చంపెను' అని తిప్పి చెప్పినా చంపినదెవరో మారదు, ఎందుకంటే 'ని' ఆ పని చూసుకుంటుంది. ఆ 'ని' పోయిందనుకోండి, ఎవరు ముందు నిలుచున్నారన్నదే అర్థాన్ని నిర్ణయించాలి. ఇంగ్లీషు పదక్రమం అంత కట్టుదిట్టం కావడానికి ఇదే మూలం.

లీడ్స్_ప్రవాసి

పాతప్రతి గారు చెప్పినదానితో ఏకీభవిస్తూనే, ఒక పాత్రను ఆయన తెర వెనుకే ఉంచేశారని మనవి చేస్తున్నాను. ఊనిక మొదటి అక్షరం మీద ఉండడం జర్మన్‌కూ ఐస్‌లాండిక్‌కూ కూడా ఉన్న లక్షణమే. ఐస్‌లాండిక్ ఇప్పటికీ నాలుగు విభక్తులనూ మూడు లింగాలనూ చక్కగా కాపాడుకుంటూ ఉంటే, ఇంగ్లీషు మాత్రమే ఎందుకు వదులుకుంది? అదీ ఉత్తరాదిన ముందుగా, దక్షిణాదిన ఆలస్యంగా ఎందుకు వదులుకుంది?

నేనుండే ఊరిలోనే జవాబు రోజూ కనిపిస్తుంది. ఇక్కడి పాత వీధుల పేర్లు బ్రిగేట్, కర్క్‌గేట్. వీటిలోని 'గేట్' ద్వారం కాదు, స్కాండినేవియా నుంచి వచ్చిన వైకింగుల నార్స్ భాషలో వీధి అని అర్థమున్న 'గాట'. చుట్టుపక్కల విట్‌బీ, సెల్‌బీ వంటి 'బీ' అంత్యంగా గల ఊళ్ళన్నీ డేనులు, అంటే ఆ వైకింగులు, స్థిరపడిన పల్లెల జాడలు. 793లో లిండిస్‌ఫార్న్ మీద పడిన దోపిడీతో మొదలై, 865లో పెద్ద సైన్యం దిగి, మరుసటి ఏడాది యార్క్ వారి వశమయ్యింది. 878లో ఎడింగ్టన్ దగ్గర ఆల్ఫ్రెడ్ రాజు గెలవకపోయి ఉంటే మనం ఇప్పుడు చర్చిస్తున్న భాష పేరు వేరుగా ఉండేదేమో. ఆ తర్వాత ఉత్తర, తూర్పు ప్రాంతాలు డేనుల ఏలుబడిలో ఉండగా, వచ్చినవారిలో చాలామంది దోపిడీ మాని వ్యవసాయం చేసుకుంటూ ఇక్కడివారితో వియ్యమందారు.

ఇప్పుడు అసలు విషయం. రెండు భాషల ధాతువులూ ప్రాతిపదికలూ దాదాపు ఒకటే, చివరి ప్రత్యయాలే వేరు. రాయిని ఒకరు 'స్టాన్' అంటే మరొకరు 'స్టైన్' అన్నారు. పగటిని ఒకరు 'డాయ్' అంటే మరొకరు 'డగర్' అన్నారు. గుర్రం బేరమాడే ఇద్దరికి ప్రాతిపదిక వినబడితే చాలు, ప్రత్యయం అడ్డమే అవుతుంది. అలాంటి ఇళ్ళలో పుట్టిన పిల్లలు దాన్ని ఎందుకు మోస్తారు? 'స్కై', 'ఎగ్', 'నైఫ్', 'విండో', 'హజ్బెండ్', 'టేక్', 'డై' వంటివి నార్స్ మాటలు. వీటిలో దర్బారు వాసన ఉన్నది ఒక్కటీ లేదు. ఇంతకంటే ఆశ్చర్యకరమైనది 'దే', 'దెమ్', 'దెయిర్' అనే సర్వనామాలు. సర్వనామాలను భాషలు సాధారణంగా అరువు తెచ్చుకోవు. బంధుత్వాలు కలిసిపోయిన చోటనే అలాంటి అరువు సాధ్యం. ఫ్రెంచి నుంచి వచ్చిన మాటలు లెక్కకు ఎన్నో రెట్లు ఎక్కువే అయినా, వాటిలో ఒక్క సర్వనామం కూడా లేదని గమనించండి.

2014లో ఇద్దరు భాషావేత్తలు ఇంకో అడుగు ముందుకు వేసి, మధ్య ఆంగ్లం పాత ఆంగ్లపు సంతానమే కాదు, అది నార్స్ భాషకే పుట్టిన బిడ్డ అని వాదించారు. నాకు అది అతిగా తోచింది, చాలామంది పండితులూ ఒప్పుకోలేదు. కానీ ఆ వాదం పుట్టడానికి తగినంత సరుకు ఉందన్నది మాత్రం నిజం.

సందేహి

చర్చ ఆసక్తికరంగా ఉంది. అయితే మూలం గురించి ఒక మాట అడగదలచాను. 'త్రి'కి 'త్రీ', 'భ్రాత'కు 'బ్రదర్', 'దంత'కు 'టూత్' అని సంస్కృతానికీ ఇంగ్లీషుకూ ఇన్ని పోలికలు ఉన్నాయి కదా. ఇంగ్లీషు సంస్కృతం నుంచే పుట్టిందని కొందరు పెద్దలు అంటారు. ఇందులో నిజమెంత?

పాతప్రతి

సందేహి గారూ, పోలికలు నిజమే, తల్లీబిడ్డల సంబంధం మాత్రం నిజం కాదు. 1786 ఫిబ్రవరిలో కలకత్తా ఆసియాటిక్ సొసైటీ సభలో విలియం జోన్స్ చేసిన ప్రసంగంలోనే, సంస్కృతం, గ్రీకు, లాటిన్ భాషలు మూడూ బహుశా ఇప్పుడు లేని ఒకే మూలం నుంచి వచ్చి ఉండాలని ప్రతిపాదించాడు. జర్మానిక్ భాషలకూ అదే మూలం అనుకోవడానికి కారణం ఉందని అక్కడే అన్నాడు. పోలికల కంటే విలువైనది వాటిలో కనిపించే క్రమం. సంస్కృతంలో పకారం ఉన్న చోట ఇంగ్లీషులో 'ఫ', దకారం ఉన్న చోట టకారం, తకారం ఉన్న చోట 'థ' ధ్వని నియమంగా వస్తాయి. 'పాద' 'ఫుట్' అయింది, 'దశ' 'టెన్' అయింది, 'త్రి' 'త్రీ' అయింది. ఈ నియమాన్ని జాకబ్ గ్రిమ్ 1822లో సూత్రీకరించాడు. దానికి లొంగనట్టు కనిపించిన మినహాయింపులను 1870లలో కార్ల్ వెర్నర్ పాత ఊనిక స్థానాల ఆధారంగా వివరించాడు. సంస్కృతమే తల్లి అయితే, సంస్కృతంలో 'అ'గా కలిసిపోయిన మూడు పాత అచ్చులు గ్రీకులో ఇప్పటికీ విడివిడిగా ఎలా ఉన్నాయో చెప్పలేము.

మన భాషకు కూడా ఇందులో ఒక నిజమైన లంకె ఉంది. తెలుగు ఆ కుటుంబానికి చెందదని, తమిళ కన్నడాలతో కలిసి వేరే కుటుంబమని 1816లో మదరాసులో ఫ్రాన్సిస్ వైట్ ఎల్లిస్ నిరూపించాడు. ఆ వాదం క్యాంప్‌బెల్ రాసిన తెలుగు వ్యాకరణానికి ముందుమాటగా అచ్చయింది. జోన్స్ పేరు పాఠశాల పిల్లలకు తెలుసు, ఎల్లిస్ పేరు ఎందరికి తెలుసో!

ఇంగ్లీషు విషయానికి వస్తే, దాని దగ్గరి చుట్టం నెదర్లాండ్స్, జర్మనీ తీరాలలో మాట్లాడే ఫ్రిసియన్. రోమన్ పాలన 410 ప్రాంతంలో ముగిశాక ఆంగిల్స్, శాక్సన్లు, జూట్లు బ్రిటన్‌కు వచ్చారని 731లో చరిత్ర రాసిన బీడ్ చెబుతాడు. నేటి డెన్మార్క్, ఉత్తర జర్మనీ తీరాలు వారి పుట్టిళ్ళు. 597లో రోము నుంచి అగస్టీన్ కెంట్‌కు వచ్చిన తర్వాతే రూనిక్ గీతల స్థానంలో లాటిన్ లిపి స్థిరపడింది.

ఖమ్మం_వకీలు

తెనాలి గారి మొదటి ప్రశ్నను అందరూ వదిలేశారు కనుక, నా వృత్తికి దగ్గరైన వైపు నుంచి దాన్ని అందుకుంటాను. పైవారి భాష కోర్టును పట్టుకోగలదు గానీ ఇంటిని పట్టుకోలేదు. ఇందుకు మన దగ్గరే రుజువు ఉంది. గోల్కొండ కుతుబ్‌షాహీల కాలం నుంచి నిజాం రాజ్యంలో 1880ల దాకా పారసీ కచేరీ భాషగా చలామణీ అయింది. వకీలు, ఫిర్యాదు, దస్తావేజు, జప్తు, రద్దు, హాజరు, జామీను అన్నీ అటునుంచి వచ్చినవే. అయినా మన క్రియలకూ విభక్తులకూ వెంట్రుకంత హాని జరగలేదు. ఇంగ్లాండులోనూ అంతే. జడ్జి, జ్యూరీ, కోర్టు, ప్లీ, బెయిల్, ఎవిడెన్స్, వర్డిక్ట్ ఫ్రెంచి దారిన వచ్చాయి. దొంగ అనే 'థీఫ్', ప్రమాణం అనే 'ఓత్', సాక్షి అనే 'విట్నెస్' పాత ఇంగ్లీషువే. 'లా' అన్న మాట మాత్రం, లీడ్స్ గారు సంతోషిస్తారు, నార్స్ భాషది.

రెండు భాషల మాటలను జంటగా రాసే అలవాటు కూడా అప్పుడే బలపడింది. 'విల్ అండ్ టెస్టమెంట్', 'గూడ్స్ అండ్ చాటిల్స్', 'ఫిట్ అండ్ ప్రాపర్' వంటి జంటలలో ఒక మాట ఇంగ్లీషు, మరొకటి ఫ్రెంచి. మన దస్తావేజు లేఖరులు 'హక్కు భుక్తములు' అని ఒక అరబీ మాటనూ ఒక సంస్కృత మాటనూ పక్కపక్కన కూర్చోబెట్టినట్టే.

1362లో వాదనలు ఇంగ్లీషులోనే జరగాలని చట్టం చేశారు. రాజ్యంలో ఫ్రెంచి ఎక్కువమందికి తెలియదనీ, తమ తరఫునా తమకు ఎదురుగా ఏమి మాట్లాడుతున్నారో కక్షిదారులకు అర్థం కావడం లేదనీ దానికి కారణం చెప్పారు. ఆ చట్టాన్ని రాసింది మాత్రం ఫ్రెంచిలోనే. న్యాయవాదులు తమ భాషను అంత తేలికగా వదులుకుంటారా! తీర్పుల నోట్లు ఫ్రెంచిలో రాసుకోవడం ఇంకా మూడు వందల ఏళ్ళు సాగింది. చివరి రోజులలో అది ఎలాంటి ఫ్రెంచి అంటే, 1631లో సాలిస్‌బరీ కోర్టులో శిక్షపడిన ఖైదీ న్యాయమూర్తి మీదికి ఇటుకముక్క విసిరిన సంఘటనను రాసిన నోటులో, ఫ్రెంచి ప్రత్యయాల నడుమ 'బ్రిక్‌బ్యాట్' అన్న మాటా, తృటిలో తప్పిందనడానికి 'నారోలీ మిస్ట్' అన్న మాటా ఇంగ్లీషులోనే పడి ఉన్నాయి. ఆ ఖైదీ కుడిచేయి నరికించి, అక్కడికక్కడే ఉరి తీయించారు. న్యాయస్థానాల లిఖితాలలో కూడా ఇంగ్లీషే ఉండాలని 1731లో చేసిన చట్టం 1733 నుంచి అమలైంది.

తెనాలి_పాఠకురాలు

వకీలు గారూ, పారసీ పోలిక తరగతిలో చెప్పదగినది. ధన్యవాదాలు. అయితే జనభాష ఇంట్లో బతికి ఉండడం వేరు, పాలకుల నోటికి ఎక్కడం వేరు. హైదరాబాదులో పారసీ పోయాక ఉర్దూ వచ్చింది గానీ తెలుగు రాలేదు కదా. ఇంగ్లాండులో ఏలినవారే జనభాషలోకి దిగివచ్చారు. అది ఎందుకు జరిగింది?

మరొక చిన్న విషయం. పెంచేవాడు ఇంగ్లీషువాడు కనుక జంతువు పేరు 'కౌ', తినేవాడు నార్మను కనుక మాంసం పేరు 'బీఫ్' అన్న కథను కూడా పుస్తకంలో వేశారు. దాన్ని ఎంతవరకు నమ్మవచ్చు?

లీడ్స్_ప్రవాసి

ఆ కథకు ఇంత ప్రచారం తెచ్చినది వాల్టర్ స్కాట్ 1819లో వెలువరించిన నవల. అంతకు ముందే పదిహేడవ శతాబ్దంలో జాన్ వాలిస్ ఈ సంగతిని తన వ్యాకరణంలో ప్రస్తావించాడు. మాటల మూలాలు సరైనవే, కాని ఆ విభజన నార్మన్ల కాలంలోనే అంత శుభ్రంగా జరిగిందనడం సరికాదు. షేక్‌స్పియర్ షైలాక్ నోట మనిషి మాంసాన్ని 'మటన్‌ల, బీఫ్‌ల, మేకల' మాంసంతో పోల్చిస్తాడు. అక్కడ మటన్, బీఫ్ అంటే బతికున్న పశువులే. పశువుకొక మాట, వంటకానికొక మాట అన్న కచ్చితమైన విభజన తర్వాతి శతాబ్దాలలో నిదానంగా కుదురుకున్నది. విద్యార్థులకు ఆ కథ చెప్పండి, దాన్ని కథగానే చెప్పండి.

పాతప్రతి

ఏలినవారు ఎందుకు దిగివచ్చారన్నది నిజంగా కీలకమైన ప్రశ్న. వచ్చిన నార్మన్లు జనాభాలో చాలా కొద్దిమంది. వారిలోనూ పై వరుసను మినహాయిస్తే, తక్కినవారి ఇళ్ళలో ఒకటి రెండు తరాలలోనే ఇంగ్లీషు ప్రవేశించింది. దీనికి ఆర్డెరిక్ విటాలిస్ అనే చరిత్రకారుని జీవితమే మంచి ఉదాహరణ. ఆయన 1075లో ష్రూస్‌బరీ దగ్గర పుట్టాడు. తండ్రి ఫ్రాన్స్‌లోని ఓర్లేయాన్ నుంచి వచ్చిన మతగురువు, ఒక నార్మన్ ప్రభువు కొలువులో ఉన్నవాడు. తల్లి ఇంగ్లీషు స్త్రీ. పదేళ్ళ వయసులో నార్మండీలోని మఠానికి పంపితే, ఈజిప్టులో బైబిలు కథలోని యోసేపులాగా తనకు తెలియని భాష చెవిన పడిందని ఆయనే రాసుకున్నాడు. అంటే జయం జరిగి ఇరవై ఏళ్ళయినా కాకముందే, ఫ్రెంచి తండ్రికి పుట్టిన పిల్లవాడికి ఫ్రెంచి రాదు!

రాజకుటుంబానికీ మహాప్రభువులకూ మాత్రం నార్మండీలో భూములు ఉన్నంతకాలం ఫ్రెంచి అవసరమే. 1204లో జాన్ రాజు నార్మండీని పోగొట్టుకున్నాక, రెండు తీరాలలోనూ భూములున్న ప్రభువులు ఏదో ఒక ఒడ్డును ఎంచుకోవలసి వచ్చింది. నా దృష్టిలో 1066 కంటే 1204 ఇంగ్లీషుకు పెద్ద తేదీ. 1258లో మూడవ హెన్రీ రాజు, ప్రభువులు తన అధికారానికి హద్దులు పెట్టిన ఆక్స్‌ఫర్డ్ ఒప్పందాలను పాటిస్తానని ఇచ్చిన ప్రకటనను ఫ్రెంచితో పాటు ఇంగ్లీషులో కూడా దేశమంతటా పంపించారు. అయినా హోదా వెంటనే రాలేదు. 1300 ప్రాంతంలో గ్లోస్టర్ రాబర్ట్ తన పద్య చరిత్రలో, ఫ్రెంచి రానివాడిని లోకం లెక్కచేయదనీ, కిందివారు మాత్రమే తమ మాటను పట్టుకుని ఉన్నారనీ, సొంత భాషను నిలుపుకోని దేశం ప్రపంచంలో ఇంగ్లాండు ఒక్కటేనేమో అనీ వాపోయాడు. ఈ మాటలు మన పత్రికల సంపాదకీయాలలో నిన్న చదివినట్టే ఉన్నాయి.

ఆ తర్వాత 1348లో ప్లేగు మహామారి వచ్చింది. ఫ్రెంచి నేర్పగల ఉపాధ్యాయులూ మతగురువులూ పెద్ద సంఖ్యలో మరణించారు. బతికిన కూలీలకూ చేతివృత్తులవారికీ గిరాకీ పెరిగింది, వారితోపాటు వారి భాషకూ విలువ పెరిగింది. ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ కార్న్‌వాల్ అనే ఉపాధ్యాయుడు లాటిన్ పాఠాలకు ఇంగ్లీషులోనే అర్థం చెప్పడం ప్రారంభించాడు. 1385 నాటికి దేశంలోని బడులన్నింటిలోనూ పిల్లలు ఫ్రెంచిని విడిచిపెట్టి ఇంగ్లీషులోనే నేర్చుకుంటున్నారని జాన్ ట్రెవీసా రాశాడు. లాభం ఏమిటంటే వ్యాకరణం త్వరగా వస్తోంది, నష్టం ఏమిటంటే పిల్లలకు తమ ఎడమ మడమకు తెలిసినంత ఫ్రెంచి కూడా తెలియడం లేదు అన్నది ఆయన లెక్క. 1399లో నాలుగవ హెన్రీ సింహాసనం తనదని పార్లమెంటులో ఇంగ్లీషులో ప్రకటించాడు. ఇంగ్లీషులో రాసిన మహాకవి చాసర్ అప్పటికి ఇంకా జీవించే ఉన్నాడు.

ఖమ్మం_వకీలు

పాతప్రతి గారూ, మీ వరుసలో నూరేళ్ళ యుద్ధానికి చోటు దక్కలేదు. 1337 నుంచి ఫ్రాన్స్‌తో పోరాడుతూ శత్రువు భాషను దర్బారులో మాట్లాడడం రాజులకే ఇబ్బంది అయింది. ఐదవ హెన్రీ 1417 నుంచి సైన్యంతో ఉంటూ ఇంటికి పంపిన లేఖలు ఇంగ్లీషులో రాయించడం ప్రారంభించగా, లండను బీరు తయారీదారుల సంఘం ఆయననే ఆదర్శంగా పేర్కొంటూ 1422లో తమ లెక్కలు ఇంగ్లీషులో రాయాలని తీర్మానించుకుంది. మహామారి కంటే యుద్ధమే ఎక్కువ పని చేసిందని నా అభిప్రాయం.

పాతప్రతి

యుద్ధాన్ని తోసిపుచ్చను. అయితే కార్న్‌వాల్ బడి మారినది రాజాజ్ఞతో కాదు. యుద్ధం దర్బారును మార్చింది, మహామారి బడిని మార్చింది. బడి మారకపోతే దర్బారులో ఇంగ్లీషు రాయగల గుమాస్తాలు ఎక్కడి నుంచి వస్తారు?

అచ్చుయంత్రం

ఆ గుమాస్తాల దగ్గరి నుంచి నేను అందుకుంటాను, ఎందుకంటే ఇంగ్లీషు వర్ణక్రమం పిల్లలను ఇంతగా ఏడిపించడానికి కారణం వారి తర్వాతి వందేళ్ళలోనే ఉంది. వెస్ట్‌మినిస్టర్ కార్యాలయాల గుమాస్తాలు రాసిన ఇంగ్లీషు, లండను వ్యాపారుల ఇంగ్లీషు కలిసి పదిహేనవ శతాబ్దంలో కొత్త ప్రామాణిక రాతకు ఆధారమయ్యాయి. 1476లో విలియం కాక్స్‌టన్ వెస్ట్‌మినిస్టర్‌లో ముద్రణాలయం పెట్టి ఆ రాతను అచ్చులోకి ఎక్కించాడు. ఏ మాండలికంలో అచ్చువేయాలన్న చిక్కును ఆయన 1490 నాటి ఒక ముందుమాటలో కథగా చెప్పాడు. ఉత్తరాది వర్తకుడొకడు థేమ్స్ నది దిగువన ఒక ఇంటికి వెళ్ళి 'ఎగ్స్' కావాలని అడిగితే, ఆ ఇల్లాలు తనకు ఫ్రెంచి రాదని బదులిచ్చింది. అతనికి కోపం వచ్చింది, ఎందుకంటే అతనికీ ఫ్రెంచి రాదు. పక్కనున్నవాడు 'ఐరెన్' అని చెబితే అప్పుడు ఆమెకు అర్థమైంది. లీడ్స్ గారి నార్స్ మాట అప్పటికి కూడా దక్షిణాదికి పూర్తిగా చేరలేదన్నమాట.

ముద్రణ రాతను బిగించుతున్న ఆ సమయంలోనే నోటిలో దీర్ఘాచ్చులన్నీ కదులుతున్నాయి. ఈ మార్పు సుమారు 1400 నుంచి 1700 దాకా సాగింది. 'మహా అచ్చుమార్పు' అని దీనికి పేరు పెట్టినవాడు డెన్మార్క్ భాషావేత్త ఒట్టో యెస్పెర్సన్. దీన్ని వివరించడానికి మన లిపి రోమన్ లిపి కంటే ఎంతో అనువైనది. చాసర్ కాలంలో 'నామ' అన్నది 'నేమ్' అయింది, 'మేట్' అన్నది 'మీట్' అయింది, 'మోన్' అన్నది 'మూన్' అయింది, 'బీట' అన్నది 'బైట్' అయింది, 'హూస్' అన్నది 'హౌస్' అయింది. నాలుక ఒక్కో మెట్టు పైకి వెళ్ళింది. ఇక పైకి చోటులేని 'ఈ', 'ఊ'లు విరిగి 'ఐ', 'ఔ'లయ్యాయి. రాత మాత్రం కింది మెట్టు మీదనే ఉండిపోయింది. అందుకే 'ఏ' అనే అక్షరాన్ని ఐరోపాలో ఎక్కువ భాషలవారు 'ఆ' అని చదువుతుంటే ఇంగ్లీషువారు 'ఏ' అని చదువుతారు. 'నైట్' అనే వీరుడి మాటలో ఇప్పుడు మూగగా ఉన్న అక్షరాలన్నీ చాసర్ నోటిలో 'క్నిఖ్ట్' అని పలికినవే.

అన్ని మూగ అక్షరాలకూ ఇంత గౌరవప్రదమైన చరిత్ర లేదు. అప్పు అనే అర్థమున్న 'డెట్' ఫ్రెంచి నుంచి వచ్చినప్పుడు అందులో బకారం లేదు. లాటిన్ మూలాన్ని గుర్తుచేయాలని పండితులు తర్వాత చొప్పించారు. 'ఐలాండ్'లోని సకారం ఇంకా అన్యాయం. అది పాత ఇంగ్లీషు మాట, లాటిన్‌తో దానికి ఏ చుట్టరికమూ లేదు; 'ఐల్' అనే ఫ్రెంచి మాటను చూసి పొరపాటున తగిలించారు. 1755లో శామ్యూల్ జాన్సన్ నిఘంటువు వచ్చేనాటికి ఈ తప్పొప్పులన్నీ గట్టిపడ్డాయి, ఆయన వాటికి రాజముద్ర వేశాడు. 1828లో అమెరికాలో వెబ్‌స్టర్ కొన్నింటిని సరిదిద్దగలిగాడు గానీ, 'డెట్'ను ఆయన కూడా ముట్టుకోలేదు.

సందేహి

మంచి వివరణ. ఇంకొక్క సందేహం మిగిలింది. ఇంగ్లీషులో మనకున్నట్టు 'నువ్వు', 'మీరు' అన్న భేదం ఎందుకు లేదు? మర్యాద లేని భాష అని మా నాన్నగారు అంటుండేవారు.

ఖమ్మం_వకీలు

మీ నాన్నగారు చెప్పినదానికి చరిత్ర తలకిందులుగా ఉంది. ఏకవచనంలో 'దౌ', బహువచనంలో 'యే', 'యూ' అని ఉండేవి. ఫ్రెంచి దర్బారు అలవాటును అనుసరించి, పదమూడవ శతాబ్దం నుంచి పెద్దవారిని బహువచనంలో పిలవడం ప్రారంభమైంది, సరిగ్గా మన 'మీరు' లాగే. ఎదుటివారి హోదా తెలియనప్పుడు బహువచనమే క్షేమం కనుక, పట్టణాలలో దాని వాడకం పెరుగుతూ పోయి, పదిహేడవ శతాబ్దం ముగిసేనాటికి ప్రామాణిక భాషలో 'దౌ' మాసిపోయింది. అంటే ఇంగ్లీషులో మిగిలినది 'మీరు', పోయినది 'నువ్వు'. ఆ మాటలో ఎంత కారం ఉండేదో 1603లో వాల్టర్ రాలీ మీద నడిచిన రాజద్రోహ విచారణలో తెలుస్తుంది. ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్, నిండు కోర్టులో ఆ ప్రభువును ఉద్దేశించి, నిన్ను కావాలనే 'దౌ' అంటున్నాను ద్రోహీ అని అరిచాడు. దేవుని ముందు అందరూ సమానులే కనుక రాజునైనా 'దౌ' అనే అంటామన్న క్వేకర్లు అనే క్రైస్తవ శాఖవారు అందుకు దెబ్బలు తిన్నారు.

లీడ్స్_ప్రవాసి

ప్రామాణిక భాషలో పోయిందన్నారు, సరిగ్గా చెప్పారు. యార్క్‌షైర్ పల్లెలలో పెద్దవాళ్ళ నోట 'దా', 'దీ' అన్న రూపాలలో అది ఇప్పటికీ వినబడుతుంది, స్నేహితుల మధ్యనే. చనువు తీసుకున్న పిల్లవాడిని మందలించడానికి ఇక్కడ ఒక సామెత కూడా ఉంది. దాని భావం మన మాటల్లో ఇది: 'నన్ను నువ్వు అనకు, నిన్ను నువ్వే నువ్వు అనుకుని చూడు, ఎలా ఉంటుందో తెలుస్తుంది.'